పెరటి కొండదారికి జాతీయ గౌరవము

మనుజుల పాదములు త్రొక్కి త్రొక్కి యేర్పరచిన కాలిబాటను శాసనమువలన జాతీయమని ప్రకటించు ఆచారము అమెరికా సంయుక్తరాష్ట్రములందు 1968వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మొదలయ్యెను. ఆనాడు అధ్యక్షుడు లిండన్ జాన్సను సంతకము చేసిన చట్టము రెండు దారులను వెంటనే జాతీయ రమణీయ మార్గములుగా నంగీకరించెను. అందొకటి తూర్పుతీరపు కొండలవెంట సాగు అపలేచియను మార్గము. రెండవది పశ్చిమమున మెక్సికో సరిహద్దునుండి కెనడా సరిహద్దువరకు పోవు పసిఫిక్ క్రెస్టు మార్గము. అంతటితో ఆగక, మఱి పదునాలుగు దారుల పేర్లను చట్టమందే వ్రాసి, వీనికి ఆ గౌరవము తగునో తగదో విచారించి నివేదిక నిండని ఆజ్ఞాపించెను. నాటినుండి నేటివరకు అచ్చటి పద్ధతి యిదియే. ముందు కాంగ్రెసనబడు ఆ దేశపు శాసనసభ విచారణకు అనుమతించును. పిమ్మట శాఖవారు విచారించి వ్రాయుదురు. ఆ పిమ్మట మరల శాసనసభయే నిర్ణయించును. ఏ మంత్రియు ఏ అధికారియు తన కలముతో ఒక కాలిబాటను జాతీయ రమణీయ మార్గముగా చేయజాలడు.

కాలిబాటకింత తతంగమేలయని చదువరులు నవ్వవచ్చును. మాకును మొదట నవ్వే వచ్చినది. కాని ఒక విచారణ చరిత్రను మొదటినుండి తుదివరకు పరిశీలించినప్పుడు అందు నవ్వులాట ఏమియు లేదని తోచినది. తన పొలముగుండ పదిమంది నడచుటకు ఓర్చుకొన్న భూస్వామి, ఆ పదిమందిదారికి ప్రభుత్వము బిరుదునిచ్చెదనని వచ్చినప్పుడు ఓర్చుకొనునా? ఆ విచారణకు ప్రాణమైన ప్రశ్న యిదియే. భూవసతి గల మన పాఠకులకు ఇది పరాయి ప్రశ్న కాదు.

మేము చెప్పబోవునది మెటాకమెట్-మొనాడ్నాక్-మాటబెసెట్ అను మూడుపేర్ల దారిని గురించి. మాసచూసెట్స్, కనెక్టికట్ అను రెండు రాష్ట్రములందు ఉత్తర దక్షిణములుగా సాగు ఈ దారిని విచారింపవలసినదని 2002వ సంవత్సరము డిసెంబరులో చట్టమైనది. మాసచూసెట్స్ ప్రతినిధి జాన్ ఆల్వరు దీనికై పాటుపడిన ముఖ్యుడు. ఉత్తరమున న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని మొనాడ్నాక్ శిఖరమునకు పోవు ఈ దారి, దక్షిణమున కనెక్టికట్ నదీలోయను దాటి సముద్రపు పాయ యగు లాంగ్ ఐలెండ్ సౌండును చేరవలయునని సంకల్పము. మాసచూసెట్స్ సరిహద్దునుండి సముద్రమువరకు లెక్కించినచో సుమారు 220 మైళ్లు.

ఈ దారిలో పెక్కుచోట్ల కనబడునది నల్లరాతి కొండ. సుమారు 20 కోట్ల సంవత్సరములక్రిందట, ఖండములన్నియు ఒక్కటిగానున్న మహాఖండము చీలుచున్న కాలమున, భూమి పగుళ్లనుండి శిలాద్రవము పొరలు పొరలుగా ప్రవహించి గట్టిపడెను. తరువాత ఆ లోయ తూర్పునకు ఒరిగినది. పైనున్న ఎఱ్ఱని యిసుకరాయి మెత్తనిది కావున అరిగిపోయెను; నల్లరాయి అరగక నిలిచెను. అందుచేత ఈ కొండలు తూర్పువైపున మెల్లగా వాలి, పడమటివైపున గోడవలె నిట్టనిలువుగా నుండును. ఈ రాతికి వారు ట్రాప్ అని పేరు పెట్టిరి. స్వీడను భాషలో మెట్లను చెప్పు పదమునుండి వచ్చిన పేరది. రాయి మెట్లు మెట్లుగా విరుగును గనుక. మన దక్కను పీఠభూమిలోని నల్లరాతి పొరలకు దక్కను ట్రాపులని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును ఇదియే. ఆదిలాబాదు, జహీరాబాదు ప్రాంతపు రైతులు దున్ను నల్లరేగడికి మూలము ఆ రాయియే. గోదావరికిరుప్రక్కల కాతేరునందును, పంగిడియందును అదే జాతి నల్లరాయి బయల్పడినది. వయస్సున మాత్రము అమెరికా రాయి పెద్దది. మనది సుమారు ఆరున్నరకోట్ల యేండ్లనాటిది.

పంగిడి ప్రాంతపు క్వారీలను చూచినవారికి ఆ కొండల కష్టమును వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చటను నల్లరాయికి గిరాకి రోడ్డుకంకరకే. గట్టిది, అరగనిది, పట్టణములకు దగ్గఱనున్నది. కావున కొండను ప్రక్కనుండి కొరికికొరికి తినుచు వచ్చిరి. క్వారీలు ఒకవైపు, దృశ్యము కొఱకు కొండకొమ్మున ఇండ్లు కట్టు ధనవంతులు ఒకవైపు. దారిని కాపాడవలెననువారు చెప్పుచుండినది నడకను గురించి మాత్రమే కాదు. కొండ మిగులునా యనునదియే వారి ఆవేదన. ఆ నల్లరాతి గట్టుపైభాగము ఎండకు వేడెక్కి పొడిబారియుండును. క్రిందనున్న రాళ్లగుట్టలలో చల్లదనము నిలుచును. ఒక్క కొండమీదనే రెండు వేర్వేరు వాతావరణములు. పైన ఎండకోర్చు అరుదైన మొక్కలు, గోడలలో గూళ్లు కట్టు పెరిగ్రిను డేగలు, వసంతమున మాత్రమే నిండి వేసవికి ఎండు చిన్న గుంటలలో గ్రుడ్లుపెట్టు ఉభయచరములు ఇచ్చటి ప్రత్యేకసంపద.

దారిపేరును గురించి ఒకమాట చెప్పక ముందునకు పోజాలము. మెటాకమెట్ అనువాడు వాంపనోయగు అను ఆదిమజాతి నాయకుడు. ఇంగ్లీషువారు అతనికి ఫిలిప్పు రాజని పేరుపెట్టిరి. తన ప్రజల భూములు ఏడాదికేడాది వలసవారి చేతులలోనికి పోవుచుండగా 1675లో ఆయుధము పట్టెను, 1676లో చంపబడెను. అతని తలను ప్లిమత్తు గ్రామమున గుంజపై నిలిపి ఏండ్లతరబడి ఉంచిరి. ఎవరు ఆ తలను గుంజకెక్కించిరో వారి సంతతివారే, కొన్ని తరములు గడచిన పిదప, కొండకును దారికిని అతని పేరు పెట్టుకొనిరి. మాటబెసెట్ అనునదియు మిడిల్‌టౌను పట్టణపు ప్రాంతమునకు ఆదిమజాతులవారి పూర్వనామమే. భూమిని తీసికొన్నవారు పేరును మాత్రము ఉంచిరి. దీనిని పశ్చాత్తాపమందుమా, అలంకారమందుమా? మాకు రెండవదిగనే తోచుచున్నది. భూమిని గురించిన తగవు ఆ కొండలపై 2002లో మొదలైనది కాదని చెప్పుటకే దీనిని ప్రస్తావించితిమి.

ఇక దారిని వేసినవారెవరు? ప్రభుత్వము కాదు. కనెక్టికట్‌లో 1895లో స్థాపింపబడిన అటవీ ఉద్యానసంఘమువారు 1929 మొదలుకొని నీలిరంగు గుర్తులతో కాలిబాటలను వేయ నారంభించిరి. చెట్టుబెరడుపైన, రాతిపైన, అరచేతియంత నీలిపూత, అదియే గుర్తు. మాసచూసెట్స్‌లో 1950 ప్రాంతపు దశాబ్దమున ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాల్టరు బాన్‌ఫీల్డు తెల్లగుర్తులతో దారిని మొనాడ్నాక్‌వరకు కొనిపోయెను. అచ్చట దాని సంరక్షణ 1876లో పుట్టిన అపలేచియను పర్వతసంఘపు స్థానికశాఖవారిది. శనివారము, ఆదివారము కత్తియు రంపమును పట్టుకొని వచ్చి, పడిన చెట్లను తొలగించి, చెరగిన గుర్తులకు మరల రంగు పూసి పోవువారే ఈ దారికి ఇంజనీర్లును మేస్త్రీలును. జీతము లేదు.

అన్నిటికన్న విచిత్రమేమన, దారిలో గొప్పభాగము పరుల సొంతభూమిగుండ పోవుచున్నది. చాలచోట్ల వ్రాతకోతలు లేవు. సంఘమువాడు పోయి తలుపు తట్టుట, యజమాని సరేయనుట, ఇంతే. ఇండియా దేశపు 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టముతో పరిచయమున్న మన పాఠకులకు హక్కునకును అనుమతికిని గల భేదము తెలిసినదే. పొరుగువాడు ఇరువదియేండ్లు నిరాటంకముగ హక్కుగా నడచినచో అది దారిహక్కు అగును. సెలవుపుచ్చుకొని నడచినచో నూఱేండ్లు నడచినను సెలవే. ఈ కొండదారి యావత్తును, ప్రభుత్వభూములుపోగా, అట్టి సెలవుమీదనే నిలిచినది. నడచువారినుండి రుసుము పుచ్చుకొనక అనుమతించిన యజమానిపై, నడచువాడు కాలుజారి పడినచో సాధారణముగా దావా నిలువకుండ రెండు రాష్ట్రములందును చట్టములు కలవు. ఆ చట్టములు లేకున్న ఎందరు యజమానులు సరేయనియుందురో ఊహింపవచ్చును.

సెలవుమీద నిలిచిన దారి యజమాని మారినప్పుడు నిలువదు. తండ్రి సరేయన్నచోట కొడుకు కాదనును. కొడుకు భూమిని కొన్న యింటివ్యాపారి ముళ్లకంచె వేయును. అప్పుడు సేవకులు దారిని త్రిప్పి తారురోడ్డుమీదికి తెచ్చుటయే గతి. ఏటేట ఒకచోట కొంత తెగుట, మఱియొకచోట కొంత అతుకుట. జాతీయ గౌరవము కోరినవారి తలంపు ఇచ్చటినుండి పుట్టినది. ఢిల్లీలోనో వాషింగ్టనులోనో పేరు నమోదైన వస్తువును ఊరిలోనివాడు తేలికగా తెంపడను నమ్మకము అన్నిదేశములందు నొక్కటియే.

విచారణ జరిపినది అమెరికా జాతీయోద్యానవన శాఖ. చట్టము వారికి విధించిన ప్రశ్నలు పెక్కు. దారి ఏయే ప్రదేశములగుండ పోవును, ఇరుప్రక్కల భూమి ఎవరిది, ఏ ఉపయోగమందున్నది, భూమి కొనవలసివచ్చిన ఎంత వ్యయమగును, నిర్వహణమున రాష్ట్రములు, ఊళ్లు ఎంతవరకు పాలుపంచుకొనును, ఎందరు నడతురు, వారి నడకవలన కాపాడదలచిన వస్తువునకే హాని కలుగునా. వీని వెనుక రెండు మూలప్రశ్నలున్నవి. నేలమీద దారి సాధ్యమా, ఖర్చునకు తగినదా? ఇవి లెక్కవేసి తేల్చదగినవి. ఈ దృశ్యము, ఈ చరిత్ర యావద్దేశమునకు ముఖ్యమైనవా యనునది మూడవది. అది లెక్కకు లొంగదు. నూఱుమైళ్లకు తక్కువైన దారికి రమణీయ మార్గమను పేరు తగదని చట్టమున నున్నది కావున కనీసము పొడవును గురించి వాదము లేకపోయెను.

గౌరవము తగదనువారి వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. ఈ కొండలు ఎత్తైనవి కావు. మాసచూసెట్స్‌లోని టామ్ కొండ 1,202 అడుగులు; కనెక్టికట్‌లో మెరిడెను పట్టణముపై వ్రేలాడునట్లు కనబడు హేంగింగ్ హిల్సులో ఉన్నతమైన పడమటి శిఖరము 1,024 అడుగులు. మన తిరుమల కొండలు సముద్రమట్టమునుండి సుమారు 2,800 అడుగులనిన పోలిక తెలియగలదు. అదియుగాక, సుమారు 2,190 మైళ్ల అపలేచియను మార్గము ఈ రెండు రాష్ట్రముల పశ్చిమభాగమునగుండనే పోవుచున్నది. ఒకే ప్రాంతమున రెండు జాతీయ మార్గములేల? శిఖరముమీద నిలిచి చూచిన అరణ్యము మాత్రమే కాక పట్టణపు ఇండ్లకప్పులు, రాజబాటల వాహనప్రవాహము కనబడును. ఏకాంతము కోరువానికి ఈ దారి పనికిరాదు.

గౌరవము తగునని పలికినవారు ఆ లోపమునే గుణముగ చూపిరి. దారికి పది మైళ్ల లోపల నివసించువారి సంఖ్య ఇరువదిలక్షలకు మించును. అపలేచియను మార్గమును 1921లో ఊహించిన బెంటను మెకాయి పట్టణవాసి పట్టణమును విడిచి పర్వతములందు సేదతీరవలెనని తలచెను. ఈ దారి పట్టణవాసి పెరటిలోనికే వచ్చినది. కూలిపని చేయువాడు ఆదివారము మధ్యాహ్నము రెండుగంటలు తీరిక దొరికినచో ఎక్కి దిగగలడు. మేము ఈ వాదమునే బలమైనదని యెంచుచున్నాము. ఎవరికిని అందనంత దూరమున నుండుటయే జాతీయ ప్రాముఖ్యమునకు లక్షణమైనచో ధనికుని సెలవుదినములకే జాతి పనిచేసినట్లగును.

ఇక చరిత్రకును కళకును సంబంధించిన సాక్ష్యము పుష్కలము. హోలియోకు కొండపైనుండి క్రిందికి చూచిన కనెక్టికట్ నది పెద్ద వంపు తిరుగుచు కనబడును. థామస్ కోల్ అను చిత్రకారుడు ఆ వంపును 1836లో చిత్రించెను. ఒకవైపు తుపాను వీడుచున్న అడవి, ఒకవైపు ఎండపడిన సాగుభూమి. అమెరికా ప్రకృతిచిత్రకళను చెప్పువారెవరును దానిని విడువజాలరు. అదే సంవత్సరమున, ఆమ్‌హర్‌స్టు కళాశాల ఆచార్యుడు ఎడ్వర్డు హిచ్‌కాకు, ఆ లోయలోని ఎఱ్ఱరాతిపలకలపై నున్న మూడువ్రేళ్ల అడుగుజాడలను గురించి వ్రాసెను. అవి మహాపక్షుల వని ఆయన నమ్మెను. డైనోసారు అను పేరు ఇంకను పుట్టలేదు. 1842లో గాని ఆ మాట లోకమునకు రాలేదు. ఇక 3,165 అడుగుల మొనాడ్నాక్ శిఖరమును ఎమర్సను, థోరోలు ఎక్కిరి, వ్రాసిరి. మనదేశమున స్వరాజ్యోద్యమకాలమున థోరో పేరు విననివారు అరుదు. శాసనోల్లంఘనమును గురించిన ఆయన వ్యాసమును గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో తన పత్రికయందు పరిచయము చేసెను. ఆయన నడచిన కొండయని తెలిసినప్పుడు మాకు ఆ దారిపై కొంత పక్షపాతము కలిగినమాట నిజము.

అయినను సౌందర్యవాదముతో యజమాని భయము తీరదు. ఆ భయమునకు చరిత్ర కలదు. అపలేచియను మార్గము 1937లోనే ఒక కొననుండి మఱియొక కొనకు పూర్తియయ్యెను. దానిలోను చాలభాగము సొంతభూములమీద మాటసెలవుతో నడచినదే. 1968 చట్టము వచ్చిన తరువాత ఆ భూములను ప్రభుత్వము కొనుట మొదలుపెట్టెను; ఒప్పుకొననివారినుండి న్యాయస్థానము మూలమున నిర్బంధముగా తీసికొను అధికారమును గూడ చట్టమిచ్చెను. మొదట మైలునకు 25 ఎకరములకు మించి యట్లు తీసికొనరాదని హద్దు. 1978లో ఆ హద్దును సగటున మైలునకు 125 ఎకరములకు పెంచి, 9 కోట్ల డాలర్లు కేటాయించిరి. దారి రక్షింపబడెను, సందేహము లేదు. కాని ఒకనాడు దాహమునకు నీళ్లిచ్చి నడువనిచ్చిన రైతు మఱియొకనాడు ప్రభుత్వపు నోటీసును చేతబట్టుకొనవలసివచ్చుట మఱచిపోదగిన సంగతి కాదు. 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టముక్రింద భూమి నిచ్చుకొన్న కుటుంబములు మనలో ఎన్నియో కలవు. వారికి ఈ నోటీసు రుచి తెలియును.

కాబట్టి కనెక్టికట్ లోయలోని భూస్వాములు విచారణాధికారులను అడిగిన ప్రశ్న సూటియైనది. మా మంచితనమునకు ప్రతిఫలము ఇదియేనా? నేడు సరేయన్నందున రేపు మా హక్కు పోవునా? సెలవిచ్చుట మానుకొనుటయే క్షేమమని తలచినవారు నుండిరి. అట్లు పలువురు మానుకొన్నచో దారికి జాతీయ గౌరవము వచ్చులోపల దారియే యుండదు. విచారణయే విచారింపబడు వస్తువును చంపగల విచిత్రస్థితి యిది. అంతర్యుద్ధములేమియు జరుగలేదు గాని, ఊరూర సమావేశములు జరిగినవి. దారివెంటనున్న యజమానులను వెదకి మాటలాడిరి. కొండపైని నడచు పటమును ముందునవేసికొని, ఎవరి పెరడెచ్చటనున్నదో చూచుకొనిరి.

ఈ సందర్భమున శాఖవారు చూపిన వివేకమును మేము మెచ్చుకొనవలసియున్నది. ప్రభుత్వశాఖను మెచ్చుకొనుట ఈ పుటకు అలవాటు కాదని చదువరులెరుగుదురు. 2006లో ప్రకటించిన ముసాయిదా నివేదికయందు వారు అపలేచియను పద్ధతిని అవలంబింపలేదు. కేంద్రప్రభుత్వము భూమికి యజమాని కానక్కరలేదు. దారిని ఎప్పటివలెనే రెండు సంఘముల సేవకులు చూచుకొందురు. ప్రభుత్వము పేరు నిచ్చి, కొంత ధనసహాయమును సలహాను ఇచ్చును. భూమి కొనుగోలన్నచో ఇష్టపడి అమ్మువానినుండియే. యజమాని సెలవు నిన్నవలెనే రేపును సెలవే. ఊళ్ల ప్రతినిధులు, సంఘములవారు కలిసి కూర్చుండి నడుపుటకు ఒక నిర్వహణ ప్రణాళికను వ్రాసిరి. ఒప్పుకొననివారు గుంపుగనున్నచోట వాదమునకు దిగక, దారిని ప్రజలభూములవైపునకు త్రిప్పి పటమును మరల గీసిరి. మొండిగ పాతదారినే పట్టుకొన్న పక్షమున తగవు తీరియుండెడిది కాదు.

దక్షిణమున వేరొక పని చేసిరి. పాతదారి మిడిల్‌టౌను ప్రాంతమున నదియొడ్డున ఆగిపోవుచుండెను. కొండలతోడి సంబంధము పోకుండ దానిని గిల్‌ఫర్డు గ్రామమునకు కొనిపోయి సముద్రమున కలుపుట మేలని నిశ్చయించిరి. ఆ క్రొత్తభాగమునకు గిల్‌ఫర్డు ప్రాంతపు ఆదిమనామమగు మెనంకటక్ అను పేరు పెట్టిరి. శిఖరమునుండి సముద్రమునకు పోవు దారి యన్నప్పుడు దానికొక ఆదియు అంతమును కుదిరినవి.

సాధ్యాసాధ్య విచారణలో కవిత్వమునకు చోటులేని సంగతులును కలవు. టామ్ కొండకును హోలియోకు కొండకును నడుమ కనెక్టికట్ నది అడ్డముగ పారుచున్నది. దారిమీద వంతెన లేదు. నడచువాడు దిగివచ్చి, చుట్టుతిరిగి వేరు వంతెనమీదుగ దాటవలయును. వెస్టుఫీల్డు నదివద్దను అదే తంటా. నీరు తక్కువైనప్పుడు ధైర్యవంతులు దిగి దాటుదురు, తక్కినవారు చుట్టుతిరుగుదురు. రాత్రి బసకు చోట్లు బహు అరుదు. సొంతభూమిమీద నడువనిచ్చినవాడు గుడారము వేయనిచ్చునా? ఇందుచేత ఈ దారిని ఒకేసారి కొననుండి కొనకు నడచువారు తక్కువ. ముక్కలుముక్కలుగ నడచువారే ఎక్కువ. ఇది లోపమని ఎంచువారున్నారు. రెండు గంటల నడకకు వచ్చువానికొఱకే దారియన్న వాదమును ముందుగనే అంగీకరించితిమి కావున మాకిది లోపముగ తోచదు. కాని వంతెన లేకపోవుట మాత్రము లోపమే.

2009వ సంవత్సరము మార్చి 30వ తేదీన అధ్యక్షుడు ఒబామా సంతకము చేసిన ఒక పెద్ద భూచట్టమున ఈ దారి న్యూఇంగ్లండు జాతీయ రమణీయ మార్గమని నమోదైనది. అదే చట్టమున అరిజోనా మార్గమును, పసిఫిక్ వాయవ్య మార్గమును చేరినవి. దానితో అట్టి మార్గముల సంఖ్య పదునొకండయ్యెను. విచారణ ఆజ్ఞ పుట్టినది మొదలు గౌరవము దక్కువరకు పట్టినది ఆరు సంవత్సరములకు పైచిలుకు.

గౌరవమువలన వచ్చినదేమి? ఇచ్చట మా అభిప్రాయమును దాచము. పేరు కొండను కాపాడదు. క్వారీ లైసెన్సును గాని, కొండకొమ్మున ఇంటినిర్మాణమును గాని ఆ చట్టము ఆపజాలదు; ఆ అధికారము ఊళ్లది, రాష్ట్రములది. యజమానికి హామీ నిచ్చుటకై చట్టపు కోరలను తీసివేసినప్పుడు ఆ కోరలు క్వారీవానినిగూడ కరువవు. ఇది బేరము. రైతు భయము తీర్చుటకు కంకరవ్యాపారికిని నిశ్చింత కలిగించిరి. మేమైనచో ఈ బేరమునే ఒప్పుకొనియుందుము. ఏలయన రెండవ త్రోవను పట్టినచో దారియే తెగియుండెడిది. అయినను బేరము బేరమేయని, దానిని విజయమని మాత్రమే చాటరాదని మా మనవి. వచ్చిన మేలు వేరొకటి కలదు. ఊరి ప్రణాళికాసంఘము ముందు సేవకుడు లేచి నిలిచి, ఇది మావారి షికారుబాట కాదు, జాతీయ మార్గమని చెప్పగలుగుట. భూమిని దానమిచ్చువానికిని, అమ్ముటకు ముందు సంఘమునకు కబురుచేయువానికిని ఆ మాట కొంత పనిచేయును. 2023 డిసెంబరులో జాతీయోద్యానవన శాఖవారు దీనిని, నార్తు కంట్రీ, ఐసు ఏజు అను మఱి రెండు మార్గములతోపాటు, తమ ఉద్యానవనవ్యవస్థలో పూర్ణమైన అంగముగ లెక్కకు తీసికొనిరి. అదియు గౌరవవృద్ధియే గాని భూమి యజమాన్యము మారలేదు.

విచారణ జరిగిన ప్రతిదారికి గౌరవము దక్కుననుకొనరాదు. 1968 నాటి పదునాలుగింటిలో వెర్మాంటు రాష్ట్రపు లాంగ్ ట్రెయిలు ఒకటి. 1910లో పుట్టిన గ్రీన్ మౌంటెన్ క్లబ్బువారు 1930 నాటికి పూర్తిచేసిన దారి అది. మాసచూసెట్స్ సరిహద్దునుండి కెనడావరకు సుమారు 270 మైళ్లు. అపలేచియను మార్గముకన్న వయస్సున పెద్దది. రమణీయతలో దేనికిని తీసిపోదు. అయినను అది నేటికిని జాతీయ రమణీయ మార్గము కాలేదు. క్లబ్బువారే దానిని చూచుకొనుచున్నారు, జనులు నడచుచునే యున్నారు. దక్షిణభాగమున నూఱుమైళ్లు మాత్రము అపలేచియను మార్గముతో కలిసి పోవును. అచ్చట కాళ్లక్రింద జాతీయ గౌరవమున్నది, ఆ పైన లేదు.

హార్టుఫర్డు, స్ప్రింగ్‌ఫీల్డు పరిసరములందు ఉద్యోగములు చేసికొనుచు నివసించు తెలుగు కుటుంబములకు ఈ దారి చేరువనే కలదు. హార్టుఫర్డునకు పడమట టాల్కాటు కొండపై 1914లో కట్టిన హ్యూబ్లైను బురుజు ఆ దారిమీదనే యున్నది. 165 అడుగుల ఆ బురుజుపైనుండి లోయ యంతయు కనబడును. మెరిడెనులో 1900లో కట్టిన క్యాజిల్ క్రెయిగు అను చిన్నబురుజునకు దారితో పాటు మోటారుబాటయు కలదు కనుక ముసలివారును పోగలరు. సొంతభూమిగుండ పోవుచోట గుర్తులను విడిచి ప్రక్కకు తొలగరాదనియు, చెత్త వేయరాదనియు అచ్చటి సంఘములవారు కోరుచుందురు. ఒక్కని అపచారమునకు పదిమైళ్లదారి మూతపడవచ్చును.

ఉత్తరమున రాయల్‌స్టను గ్రామమువద్ద చట్టము వ్రాసిన దారి ముగియును. 2002 నాటి విచారణ రెండు రాష్ట్రములకే పరిమితమైనందున న్యూహాంప్‌షైరు భాగము గౌరవములో చేరలేదు. మొనాడ్నాక్ పేరు విచారణలో నిలిచెను, మొనాడ్నాక్ శిఖరము మాత్రము పటము వెలుపల పడెను. సరిహద్దు దాటిన పిమ్మట దారి తన పాతపేరుతో, తెల్లగుర్తులతో, అవే భూస్వాముల సెలవుమీద, శిఖరమువరకు సాగుచున్నది.